పదకొండు గోల్స్

ఆ శనివారం ఇంట్లో అమ్మ, మూడేళ్ళు బెల్జియంలో ఫుట్‌బాల్ ఆడి ఎస్టోనియాకి తిరిగొచ్చిన ఇమ్రె అన్నయ్య, వాణ్ణి మా ఊరు వోరు జట్టుకి ఆడమని అడగడానికొచ్చిన కోచ్ హెయినో మామ, నేను ఉన్నాం.

“మీ బంగాళాదుంపల చేలో నేనాడాలా?” అన్నాడు అన్నయ్య, నల్ల రొట్టెకి వెన్న రాస్తూ. “అక్కడ పదకొండు గోల్స్ కొట్టినవాణ్ణి మామా!”

“అందుకేగా నీ గుమ్మం తొక్కింది! నువ్వొస్తే మాకే గౌరవం నాయనా,” అన్నాడు మామ.

అంత పెద్దాయన వీడి కోతలకి మోసపోతుంటే నాకు ఒళ్ళు మండింది.

“ఒక్క గోలూ కొట్టలేదు మామా. ప్రతి ఆదివారం స్కోరు చూసి నా డైరీలో రాసుకున్నాను. గోల్స్ కొట్టే ఫార్వర్డట, ఫార్వర్డు! కూర్చుని బెంచీ అరగదీశాడంతే.”

అన్నయ్య చేతిలో కత్తి ఆగిపోయింది. మామ తల దించుకున్నాడు.

“నేను రానులే మామా,” అన్నాడు అన్నయ్య, చాలా మెల్లగా.

అమ్మ నా చెయ్యి పట్టుకుని గదిలోకి లాక్కెళ్ళింది.

“నువ్వొక్కదానివే స్కోరు చూశావనుకున్నావా? మామకి అన్నీ తెలుసే. వాడి పరువు పోకుండా మళ్ళీ బంతి దగ్గరికి తీసుకెళ్దామనే అంతగా బతిమాలాడు,” అని, తను బయటికెళ్ళి తలుపు నా మొహం మీదే వేసేసింది.