రెండు సోలల బియ్యం

"అత్తయ్యగారూ, పుస్తకం తప్పా, మీ సోల తప్పా?"

ఉమాశ్రీ నవ్వుతూనే అడిగింది గాని జయలక్ష్మికి ఎక్కడో చురుక్కుమంది. హైటెక్ సిటీ ఉద్యోగంలో మొదటి జీతం అందగానే కోడలు కరెంటు కుక్కరు కొనుక్కొచ్చింది. దాంతోపాటు ఒక ప్లాస్టిక్ కప్పు వచ్చింది. సోల బియ్యం రెండు వందల ముప్ఫై గ్రాములని, రెండు సోలలంటే మూడు కప్పులని వంటల పుస్తకం చూసి లెక్క కట్టింది. నిన్న ఆ లెక్కతోనే వండితే, నలుగురిలో చివర కూర్చున్న జయలక్ష్మికి అన్నం లేకపోయింది. ఆవిడ గ్లాసుడు మజ్జిగ తాగి లేచింది.

"నా సోలకేం వచ్చిందమ్మా? మా అత్తగారిచ్చింది. రెండు సోలలు పోస్తే ఇంట్లో అందరికీ సరిపోవాల్సిందే. నాది చలవ చెయ్యి అని ఆవిడే అనేది."

"అయితే తూచి చూద్దాం రండి."

మణికొండలో వాళ్ళ అపార్టుమెంటు కిందే నర్సింహ కిరాణా కొట్టు. బల్ల మీద పెడితే ఆ ఇత్తడి సోల ఎప్పటిలాగే కాస్త ఊగింది. నర్సింహ దాన్నిండా బియ్యం పోసి, పైన చేత్తో చదును చేసి, తక్కెడలో వేశాడు. రాళ్ళు మార్చి మార్చి చూశాడు.

"గిదేంది? రెండు వందల ఎనభై వస్తున్నది."

"సరిగ్గా చూడు నర్సింహా."

"రెండుసార్లు తూచిన అమ్మా. మీ సోలనే పెద్దగున్నది. జర కొంగుల దాచుకోండి. సార్ చూస్తే పరేషాన్ అయితడు."

సార్ అంటే జయలక్ష్మి భర్త రామ్మోహనరావుగారు. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఇప్పటికీ తక్కెడ మీద ముద్ర చూడనిదే నర్సింహ దగ్గర పావుకిలో పప్పు కూడా కొనరు. సర్వీసులో దొంగ కొలత ఏది దొరికినా అక్కడికక్కడే నలగ్గొట్టించారు.

జయలక్ష్మి సోలను కొంగు చాటుకు లాక్కునేలోగా ఆయన పేపరు కోసం రానే వచ్చారు.

"ఏమిటది, దాస్తున్నావు?"

ఉమాశ్రీయే మెల్లగా చెప్పింది. "సోలకు యాభై గ్రాములు ఎక్కువొస్తోంది మావయ్యగారూ. రెండు సోలలకు నూరు. సరిగ్గా ఒక మనిషి తిండి."

"నాకేం తెలుసండీ," అంది జయలక్ష్మి. "మీ అమ్మగారు ఎలా ఇచ్చారో అలాగే వాడుతున్నాను. ఇన్నేళ్ళూ నా చేతి చలవే అనుకున్నాను." ముప్ఫై నాలుగేళ్ళ మంచిపేరు ఒక్క తూకంతో పోయింది. పేరు పోతే పోయింది, సోలను మాత్రం నలగ్గొట్టించకపోతే చాలుననుకుంది.

ఆయన సోలను అందుకుని బోర్లా తిప్పారు. బయటికి ఉబికిన అడుగును బొటనవేలితో తడిమారు. నర్సింహ తన తక్కెడే పట్టుబడినట్టు బిగుసుకుపోయాడు.

"అమ్మ ఇచ్చినప్పుడు ఇది సరైన సోలే జయా," అన్నారాయన. "రెండు సోలలకు మించి గింజ పోయనిచ్చేది కాదు. మేమంతా తిన్నాక, కొత్తకోడలివి నువ్వు నిన్నటిలాగే మజ్జిగ తాగి లేచేదానివి."

నర్సింహ వింటున్నాడేమోనని ఒకసారి అటు చూసి, గొంతు తగ్గించారు.

"అమ్మకు ఎదురుచెప్పే ధైర్యం లేక, కంచరి దగ్గరికి తీసుకెళ్ళి దీని అడుగు కొట్టించింది నేనే."