సువార్తమ్మ కుర్చీ

స్టేషన్‌లో మనుషుల్ని అడిగి ఫిర్యాదులు రాసుకునే యంత్రం వచ్చాక, అసలు ఫిర్యాదులే లేవని మా ఊరి మహిళా సహాయ విభాగానికి నిధులు ఆపేశారు. కానిస్టేబుల్ సువార్తమ్మను ట్రాఫిక్‌కు మార్చారు. ఆమె మాత్రం రోజూ స్టేషన్ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటూనే ఉంది.

పక్కింటివాళ్లు ఫోన్ చేస్తే ఓ కోడలిని స్టేషన్‌కు పిలిపించారు. అత్త పక్కనే నిలబడింది. "ఏం లేదండీ," అంది కోడలు. 'ఫిర్యాదు లేదు' అని యంత్రం రాసుకుంది.

గుమ్మంలో సువార్తమ్మ అత్తను ఆపింది. "పెద్దమ్మా, నీ ఆధార్ జిరాక్స్ తీయించుకురా."

జిరాక్స్ అంటే ఇప్పటికీ ఎవరూ ఎదురు చెప్పరు. అత్త వెళ్లగానే కోడలు చేతి మీది వాతలు చూపించింది.

ఎస్సై బయటికొచ్చాడు. "నీ డ్యూటీ ఇక్కడ కాదు కదమ్మా. సస్పెండ్ చేస్తారు."

"చెయ్యమనండి సార్. రేపట్నుంచి మామూలు చీరలో వచ్చి కూర్చుంటా. కుర్చీ మా ఇంటిదే."