మెతోదికి నచ్చిన ఫైల్ మేనేజర్

ఇలా పొయ్యి దగ్గరికి జరగండి. మా గాబ్రోవో ఊళ్ళో పొదుపెక్కువ, కట్టె ఒక్కటే వేస్తాం, దూరంగా కూర్చుంటే వెచ్చదనమూ అందదు, కథా అందదు.

మెతోది పాటల బృందం నడిపేవాడు. గొంతుకు ఆపరేషన్ అయింది. వారం దాకా నోరు మెదపొద్దన్నాడు డాక్టరు. కాగితం మీద రాసి చూపొచ్చు కదా అంటారేమో. మెడ మీద తలకాయ ఉండగా కాగితం దండగ చేసే మనిషి కాదు మెతోది.

సరిగ్గా ఆ వారంలోనే వచ్చాడు ఓంద్రెయ్. చెక్ దేశం కుర్రాడు. మెతోది కూతురు దెనిత్సాతో కలిసి అక్కడ బ్రనోలో పనిచేస్తాడు. పిల్లనిమ్మని అడగడానికి వచ్చాడు. వట్టి చేతులతో రాకుండా కాబోయే మామగారికి కొత్త కంప్యూటర్ మోసుకొచ్చాడు. రెండేళ్ళు పుస్తకం ముందేసుకుని మా భాష నేర్చుకున్నాడు పాపం, క్రియలన్నీ కంఠతా.

"ముందు నాన్నకి కంప్యూటర్ సర్దిపెట్టు. ఆయన మనసు కుదుటపడ్డాక అడుగు. నాన్న కాదంటే మాత్రం నాకు మనసొప్పదు," అని చెప్పి దెనిత్సా పెరుగు తేవడానికి బజారుకెళ్ళింది.

బృందం పాడిన పాటలన్నీ పాత కంప్యూటర్‌లో ఉన్నాయి. వాటిని కొత్తదాంట్లోకి చేర్చి వరసలో పెట్టుకోవడానికి మెతోదికి ఫైల్ మేనేజర్ ఒకటి కావాలి. వంటింటి అలమర లాంటిదన్నమాట. ఏ జాడీ ఎక్కడుందో కనబడాలి, చెయ్యి చాస్తే అందాలి.

ఓంద్రెయ్ మొదట నీలం తెరది పెట్టాడు. తెర నిలువునా రెండుగా చీలింది. ఎడమవైపు పాత పాటలు, కుడివైపు కొత్త చోటు. మెతోది వేళ్ళు మీటల మీద కాసేపు పరుగెత్తాయి.

"నచ్చిందా మెతోది గారూ? ఉంచేదా?"

మెతోది తల అడ్డంగా ఊపాడు.

ఓంద్రెయ్ చప్పున దాన్ని తీసేశాడు. మెతోది కనుబొమలు పైకి లేచాయి.

"అదే బాగున్నట్టుంది కదయ్యా," అంది పొయ్యి మీద మిరపకాయలు కాలుస్తున్న స్టోయ్నా బామ్మ. మెతోది తల్లి.

"ఆయనకి నచ్చాలి కదండీ బామ్మగారూ."

"ఏమో నాయనా, చదువుకున్నవాడివి. నీ లెక్కేమిటో నీకే తెలియాలి."

రెండోది పెట్టాడు. ఇదీ రెండు భాగాలదే, తెల్లగా తేటగా ఉంది. మెతోది మళ్ళీ తల అడ్డంగా ఊపాడు, ఈసారి ఇంకాస్త గట్టిగా. ఓంద్రెయ్ చెవులు ఎర్రబడ్డాయి. అదీ తీసేశాడు. మెతోది తల్లి వంక చూశాడు. తల్లి పిల్లి వంక చూసింది.

మూడోదాంట్లో ఫోల్డర్లు చెట్టు కొమ్మల్లా విచ్చుకున్నాయి. మెతోది మౌస్ గుప్పిట్లో బిగించి పట్టుకుని, చంటిపిల్లాడికి చెప్పినట్టు నెమ్మదిగా, అడ్డంగా తల ఊపాడు. ఓంద్రెయ్ ఆ గుప్పిట విడదీసి మౌస్ మెల్లగా లాక్కున్నాడు.

"మీ అబ్బాయిని మెప్పించడం కష్టమే బామ్మగారూ."

"మెతోదినా? చిన్నప్పట్నుంచీ ఏది పెడితే అది తినేవాడు."

ఇక మిగిలింది ఒక్కటే. రొట్టెలంతేసి పసుపుపచ్చ బొమ్మలు. ఒక్కో ఫోల్డరూ ఒక్కో కిటికీలో తెరుచుకుంటుంది. నొక్కినప్పుడల్లా గంట మోగుతుంది. పెట్టడానికి ఓంద్రెయ్‌కే సిగ్గేసింది.

మెతోది నొక్కాడు. గంట మోగింది. మెతోది తల పైకీ కిందికీ ఊపాడు. మళ్ళీ మోగింది. గడ్డం గుండెకి తగిలేలా ఊపాడు.

"అమ్మయ్య, ఇదే ఉంచేస్తున్నాను," అన్నాడు ఓంద్రెయ్.

మెతోది రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

ఇంతకన్నా మంచి సమయం దొరకదనుకున్నాడు కుర్రాడు. లేచి నిలబడ్డాడు, చొక్కా సర్దుకున్నాడు.

"మెతోది గారూ, దెనిత్సాని నాకిచ్చి పెళ్ళి చేస్తారా?"

మెతోది అతన్ని ఎగాదిగా చూశాడు. కంప్యూటర్ వంక చూసి నిట్టూర్చాడు. ఆ తర్వాత తల అడ్డంగా ఊపాడు. ఒకసారి కాదు, కళ్ళు చెమర్చేదాకా ఊపుతూనే ఉన్నాడు. అలమర వెనక నుంచి దుమ్ము పట్టిన రకియా సారా సీసా తీసి బల్ల మీద పెట్టాడు.

సాగనంపడానికి కాబోలు అనుకున్నాడు ఓంద్రెయ్. సంచీ భుజాన వేసుకున్నాడు.

"ఎక్కడికయ్యా, మిరపకాయలు ఒలిచేశాను," అని బామ్మ పిలుస్తున్నా ఆగలేదు.

గేటు దగ్గర పెరుగు కుండతో దెనిత్సా ఎదురైంది.

"ఏమన్నాడు నాన్న?"

ఓంద్రెయ్ తల అడ్డంగా ఊపాడు.

దెనిత్సా కుండ కింద పెట్టి, అతని మెడ చుట్టూ చేతులేసి, నవ్వుతూ ఏడుస్తూ వాటేసుకుంది.

ఈ కథ గుర్తుపెట్టుకుని ఇంకొకరికి చెప్పండి గానీ ఇదొక్కటీ మాత్రం చివరిదాకా దాచి చెప్పండి: మా ఊళ్ళో తల అడ్డంగా ఊపితే అవునని, పైకీ కిందికీ ఊపితే కాదని.