బదులు కూత

"ఆ పిట్ట వస్తేనే నేను ఆసుపత్రికొస్తాను. లేకపోతే లేదు. అంతే," అన్నాడు నరసరాజు, చెరువుగట్టు మీద మడతకుర్చీలో కూలబడుతూ.

"రేపొద్దున్నే గుండె ఆపరేషను పెట్టుకుని ఈ మొండితనమేమిటండీ? ఇక ఆగడానికి లేదని డాక్టరు అన్నాడు కదా!" అంది ఝాన్సీలక్ష్మి.

"ఏటా ఈపాటికి వచ్చేసేది. ఈసారి రాలేదంటే దానికీ నాకూ రుణం చెల్లిపోయిందన్నమాట. పోయేవాణ్ణి కోయించుకుని మరీ పోవడమెందుకు?"

పక్షుల్ని చూసే బృందంతో కలిసి ఆ ఆదివారం సైనిక్‌పురి నుంచి బొల్లారం వైపు వచ్చారు మొగుడూ పెళ్ళాలు. చెరువు నిండా వలసబాతులు దిగి ఉన్నాయి. నరసరాజు అటు కన్నెత్తి చూడలేదు. ఆయనకు కావలసింది తుమ్మపొదల్లో దాక్కునే చిన్న గోధుమరంగు పిట్ట. చలికాలం ఎక్కడినుంచో వస్తుంది. కంటికి చిక్కదు. 'చెక్... చెక్' అని కూత మాత్రం వినబడుతుంది.

బృందాన్ని నడిపే తుకారాం సర్దిచెప్పబోయాడు. "పరేషాన్ గాకుండ్రి అంకుల్. అల్వాల్‌కెల్లి ఈడికొచ్చేతందుకే ట్రాఫిక్ల నాకు గంట పట్టింది. గంత దూరంకెల్లి వచ్చేదానికి జెర లేటు గాదా?"

"నీకు నవ్వులాటగానే ఉంటుందిలే."

తుకారాం తక్కినవాళ్ళ దగ్గరికి నడిచాడు. ఝాన్సీలక్ష్మి అతని వెనకే వెళ్ళింది.

"బాబూ, ఆ పిట్ట కూత నీ ఫోన్లో ఉందన్నావే, నాకోసారి పంపవా?"

"గిట్ల కూత వెట్టి పిట్టను మోసం చేసుడు మంచిగ గాదాంటీ."

"పిట్టను కాదు నాయనా."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. కూత పంపించాడు.

ఆమె గట్టు దిగి, చుట్టూ తిరిగి, ఆయన ముందున్న పొదల వెనక్కి చేరింది. ఫోను నొక్కింది. 'చెక్... చెక్.' ఆపింది.

పొద అవతలినుంచి బదులొచ్చింది. 'చెక్... చెక్.'

ఆమె మళ్ళీ నొక్కింది. మళ్ళీ పలికింది!

వచ్చేసింది. తనాడబోయిన అబద్ధం నిజమైపోయింది. పైకి ధైర్యాలు చెబుతూ ఇన్నాళ్ళూ లోలోపల చచ్చిపోతున్న ఆమెకు, ఆయన బతికి బట్టకడతారని మొదటిసారి అనిపించింది. ఫోను సంచిలో పడేసి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ ముళ్ళు గీసుకుంటున్నా ఆగకుండా గట్టెక్కింది.

నరసరాజు కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నాడు.

"విన్నావా?"

"విన్నానండీ! నా చెవులారా విన్నాను!"

"అయితే ఇంటికి పద. ఆసుపత్రికి బట్టలు సర్దుకోవాలి." ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, జేబులోంచి తన ఫోను పైకి తీశాడు. "తుకారాంతో అనకు, కోప్పడతాడు. అది పలకగానే నేనూ దీంట్లో నిరుడు రికార్డు చేసుకున్న కూత పెట్టాను ఝాన్సీ... నాకు బదులిచ్చింది!"