ఎవరు పంపారు?

"ఎవరు పంపారమ్మా మిమ్మల్ని?" తెనాలిలోని మానసిక వైద్యుడి క్లినిక్‌లో కౌంటర్ దగ్గర అమ్మాయి తలెత్తకుండానే అడిగింది.

శ్రావణి మొగుడి చెయ్యి వదల్లేదు. సముద్రంలో పడవ తిరగబడి కళ్ళముందే తమ్ముడు పోయిన నాటి నుంచి నాగశివ నోరు విప్పలేదు.

"రేపల్లె కోటిలింగం సామండి. తాయెత్తు కట్టి దెయ్యాన్ని దించారు. మిగిలింది నరాల జబ్బంట, ఇక్కడికే తీసుకెళ్ళమన్నారు."

"ఆయనా! ముందే చెప్పొచ్చుగా." ఆ అమ్మాయి ఫోన్ కలిపి, స్పీకర్‌లో పెట్టి, చీటీ రాయసాగింది. "సామిగారూ, మీవాళ్ళు వచ్చారండి. మీ పేరు మీదే రాస్తున్నా."

"రాయమ్మా. కౌన్సెలింగ్ కూడా రాయించు. ఇచ్చుకుంటారు, ఆవిడ చెవులకింకా బంగారం ఉంది."

అమ్మాయి గబుక్కున ఫోన్ మీద చెయ్యి పెట్టింది. శ్రావణి ఆ చేతిని తోసేసింది.

"గవర్నమెంటాసుపత్రికి పోతామంటే వద్దన్నావేంటి సామీ? అక్కడ అడుగుపెడితే దెయ్యం మళ్ళీ పట్టుద్దన్నావే! అక్కడైతే నీకేం రాదనా?"



"ఛీ!"

అన్నది శ్రావణి కాదు, నాగశివ. ఆమె అతని మొహంలోకి చూస్తూ ఉండిపోయింది.

ముందు తేరుకున్నది కోటిలింగమే. "విన్నావా అమ్మాయ్! నా తాయెత్తు పనిచేసింది."

"అదేంటండీ, మాటొచ్చింది మా క్లినిక్‌లో కదా," అంటూ ఆ అమ్మాయి ఫీజు రసీదు చింపి శ్రావణి ముందు పెట్టింది.