ఈ గోడ నిలబడదమ్మా

ఆమెకు పామన్నా దయ్యమన్నా భయం లేదు. నెత్తిమీది గూడు కూలిపోతే పసిబిడ్డతో ఎక్కడ తలదాచుకోవాలన్న ఒక్కటే ఆమె భయం.

అందుకే గోడ పక్కన సుత్తి చప్పుడు వినగానే పాపను చంకనేసుకుని బయటికి పరుగెత్తింది.

ఎవరో కొత్త మనిషి. ఇంటి చుట్టూ టేపు పట్టి కొలిచి, మూలకో కొయ్య మేకు దిగ్గొడుతున్నాడు.

"ఎవరయ్యా నువ్వు? ఎవర్నడిగి కొలుస్తున్నావ్?"

"సాయంత్రం ఊరందర్నీ కూర్చోబెట్టి చెబుతానమ్మా. వాన ముంచుకొస్తోందని ముందే మొదలెట్టా." అతను గోడకు అరచెయ్యి ఆనించి చూశాడు. "ఈ గోడ నిలబడదమ్మా. పాపను లోపల పడుకోబెట్టకు."

ఆమె గోడనీ మేకునీ మార్చి మార్చి చూసింది.

రోడ్డు వెడల్పు చేస్తామని పక్క ఊరికీ ఇలాగే వచ్చారు. ముందు టేపు, తర్వాత మేకులు, తెల్లారేసరికి యంత్రం. ఆమె అక్క సంసారం ఇప్పటికీ వంతెన కిందే.

"ఓరి నాయనో! ఇల్లు కూల్చడానికొచ్చాడ్రోయ్!"

ఆ కేకకు వీధి వీధంతా ఊడిపడింది.

"కూల్చడానిక్కాదమ్మా..." అని అతను అంటూనే ఉన్నాడు. అతను పాతిన మేకు పీకి ఆమె అతని కణత మీద కొట్టింది.

నెత్తురు కళ్లలోకి కారింది.

"మా కొంపలు తీసి రోడ్డేసుకుంటావురా?" కమ్మరి ఇనప కమ్మీతో మోకాలి మీద వేశాడు. ఎముక పటుక్కుమంది.

"కొలత సరిపోయిందా బావా?" మంగలి ఆ టేపునే అతని మెడకు చుట్టి లాగాడు.

"ఒక్క మాట... వినండి..."

"కూల్చేవాడికి మాటలేంట్రా!" ఆమె మగడు డొక్కలో తన్నాడు.

పాప గుక్కపట్టి ఏడుస్తోంది. అతను నేలమీంచే చెయ్యెత్తి, "పాపను... ఆ గోడ పక్కనుంచి తీసుకుపో" అన్నాడు.

ఆ చేతినీ తొక్కేశారు.

అప్పుడొచ్చి ఆగింది ఇటుకల ట్రాక్టరు. దాని వెనక ఇంకోటి. దాని వెనక ఇంకోటి.

డ్రైవరు కిందికి దూకాడు. "ఏమ్మా, మొదటి ఇల్లు మీదేనట కదా! ఇటుకలు ఎక్కడ దించమంటావ్?"

"ఏం ఇల్లు?" అంది ఆమె.

"అదేంటి, ఇంకా చెప్పలేదా? ఒక్క గడపా వదలకుండా ఊరంతటికీ ఇళ్లు, ఇంటింటికీ కుళాయి. పసిబిడ్డ ఉన్న ఇంటికే ముందు పునాది పడాలని పట్టుబట్టి, పొద్దున్నే వచ్చేశాడే ఈ ఇళ్లు తెప్పించిన అన్న..."

డ్రైవరు చూపు నేలమీద పడింది.

"అన్నా!"

కమ్మరి చేతిలోంచి కమ్మీ జారిపడింది.

అతను ఇప్పుడు పెద్దాసుపత్రిలో ఉన్నాడు. కాలు తీసేశారు, నోట మాట లేదు, మంచం పక్కన మనిషీ లేడు. వెళ్లడానికి ఆమెకు మొహం చెల్లడం లేదు.

ఉన్న ఒక్క కూతురూ నిద్దట్లోనే మట్టిగోడ మీద పడి చనిపోయిన నాటినుంచి ఆఫీసుల గుమ్మాలెక్కి దిగి ఊరూరికీ ఇళ్లు తెస్తున్న ఆ తండ్రిని, అటువైపు వెళ్తే, మీరైనా ఒక్కసారి చూసి రండి.