మూడో ప్రశ్న

టీవీ సీరియల్లో సర్కారీ వకీలు వసుంధరా దీక్షిత్ పెన్ను ఎత్తి బోనులో ఉన్నవాడి ముక్కుకి గురిపెట్టింది.

సోఫాలో కనకమహాలక్ష్మి రిమోట్ ఎత్తి కోడలి ముక్కుకి గురిపెట్టింది.

"అదిగో, ఆడిలాగ ఒప్పీసుకో. మొగుడితో దెబ్బలాడినాను, నానే పడుకోనివ్వలేదు సాబ్ అని సెప్పు."

భానుప్రియ కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతోంది. తల ఎత్తలేదు.

ఐదింటికి రైల్వే ఎంక్వైరీ ఇన్‌స్పెక్టర్ క్వార్టర్‌కే వస్తానన్నాడు.

పది రోజుల కిందట, ఆదివారం రాత్రి, ఆమె మొగుడు రాజేంద్ర గూడ్సు బండి నడుపుతూ, కర్గీ రోడ్ స్టేషన్ ఇంకా రాకముందే ఎర్ర సిగ్నల్ దాటేశాడు. ఎవరికీ ఏమీ కాలేదు. అతన్ని మాత్రం సస్పెండ్ చేశారు.

డ్యూటీకి ముందు నిద్ర పట్టలేదని ఎంక్వైరీలో చెప్పాడు. ఎందుకు పట్టలేదంటే నోరు విప్పలేదు.

యూనియన్ సూర్యం మామ ఇంటికొచ్చి ఉన్నమాట చెప్పాడు. "ఇంట్లో పడుకోనివ్వలేదని ఎవరో ఒకరు సంతకం పెడితే కింది గ్రేడుకి దించి ఒగ్గేస్తారు. నేదంటే ఉద్యోగం ఊడిపోద్ది."

ఆ ఎవరో ఒకరు కోడలేనని అత్త అప్పుడే తీర్పు చెప్పేసింది.

ఆ ఆదివారం పొద్దున గ్యాస్ గురించి మొగుడూ పెళ్ళాలు ఐదు నిమిషాలు మాటా మాటా అనుకున్నది నిజమే. ఐదు నిమిషాల్ని అత్త ఐదు గంటలు చేసింది.

కనకమహాలక్ష్మి గోడ నిండా దేవుళ్ళున్నారు. నమ్మకం మాత్రం వసుంధర మీదే.

వసుంధరది ఒక పద్ధతి. రెండు ప్రశ్నలు గట్టిగా అడుగుతుంది. మూడోది మెత్తగా అడుగుతుంది. ఆ మూడోదానికి ఎంతటి ఘనుడైనా దొరికిపోతాడు.

ఈ సంగతి భానుప్రియకీ తెలుసు. ఆ ఇంట్లో ఉంటూ వసుంధర మాట వినకుండా ఉండడం ఎవరి తరమూ కాదు. సౌండ్ తగ్గించమంటే అత్త ఒకటే అనేది: "నాకే వినపడి సావడం నేదు, మీకేటి వినపడుద్ది?"

భానుప్రియ కత్తిపీట మడిచి పక్కన పెట్టింది.

"అత్తా! ఆ ఆదివారం వకీలమ్మ ఏ కేసు వాదించింది?"

అత్త మొహం విప్పారింది. "డాక్టరు కేసే. పెళ్ళానికి విషం పెట్టినోడు. వారం అంతటిదీ వరస పెట్టి ఏసినారు."

"ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా?"

"ఒంటిగంట నుంచి ఆరు దాకా. నాను కదల్లేదు. ఆ నర్సు గుసగుసలాడిందా, అది కూడా నాకు బాగా వినపడింది."

ఇక మూడోది మెత్తగా అడగాలి. మెత్తగా అడిగితే అత్తకి వినపడదు.

అందుకని భానుప్రియ అడగలేదు. టీవీ వెనక గోడ వైపు చెయ్యి చూపించింది.

ఆ గోడకి అవతలే రాజేంద్ర మంచం. రాత్రి డ్యూటీ ఉన్న రోజు అతను మధ్యాహ్నం ఒంటిగంటకి పడుకుంటాడు. ఆరింటికి లేస్తాడు.

కనకమహాలక్ష్మి గోడని చూసింది. రిమోట్ మీద ఒక నొక్కు నొక్కింది. తెర మీద సౌండ్ అంకె పడింది. తొంభై రెండు.

"మరి ఆడు సెప్పలేదేటే?"

"పోయినసారి నేను సౌండ్ తగ్గిస్తే మూడు రోజులు అన్నం మానేశావు. అందుకే సెప్పలేదు. ఆ రోజు నేను లేచొస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపేసినాడు."

అత్త చూపు రిమోట్ మీదకి దిగింది. భానుప్రియకి హాయిగా అనిపించింది. ఈ ఇంట్లో కాలు పెట్టాక ఇంత హాయి ఇదే మొదలు.

ఇన్‌స్పెక్టర్ అన్నమాట ప్రకారం ఐదింటికే వచ్చాడు. టీపాయ్ మీద ఫైలు తెరిచి, పాపం మర్యాదస్తుడు, నెమ్మదిగా హిందీలో అడిగాడు.

"ఏటంటున్నాడే?" అంది అత్త.

భానుప్రియ వంగి ఆమె చెవి దగ్గర నోరు పెట్టింది.

"నీ కొడుకుని పడుకోనివ్వంది ఎవరు అని అడుగుతున్నారు!"

నెమ్మదిగా అరిచినా సరిపోయేది. లైన్లో ఉన్న క్వార్టర్లన్నీ విన్నాయి. ఎదురింటి వాకిట్లో చీపురు ఆగింది.

కనకమహాలక్ష్మి లేచింది. రిమోట్ తీసుకెళ్ళి ఫైలు పక్కన పెట్టింది. సాక్ష్యం పెట్టేటప్పుడు వసుంధర అలాగే పెడుతుంది.

"మై హీ సాబ్," అంది. "టీవీ మేరా. బేటా కా గల్తీ నహీఁ." తప్పు కొడుకుది కాదు, తనదీ తన టీవీదీ.

ఇన్‌స్పెక్టర్ రిమోట్ వంక, ముసలావిడ వంక చూసి నాలుగు లైన్లు రాసుకున్నాడు. ఆమె కళ్ళజోడు వెతుక్కుని సంతకం పెట్టింది. అక్షరాలు గీత దాటాయి.

అప్పుడు గోడ అవతల మంచం మీద నుంచి రాజేంద్ర గొంతు వచ్చింది. తెలుగులో, చాలా నెమ్మదిగా.

"అమ్మనేటీ అనకు, భానూ. అమ్మ తప్పేటీ నేదు."

ఇన్‌స్పెక్టర్‌కి తెలుగు రాదు. ఫైలు కట్టుకుంటున్నాడు.

కోడలి తల గోడ వైపు తిరగడం అత్త చూసింది. ఆశగా ముందుకు వంగింది.

"ఏటే? ఆడేటైనా అన్నాడేటి?"

"ఏటీ అన్లేదు," అని భానుప్రియ ఆమెకి వినపడేలా చెప్పింది.